పిక్కుల లెక్కకు ఏ త్వరణమాపకం?
(విద్యార్థుల ఎలక్ట్రానిక్స్ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



భివండీలో, ముఖ్యంగా మన పద్మనగర్‌లో, సాంచా చప్పుడు వినకుండా పెరిగిన తెలుగు బిడ్డలు అరుదు. మీలో చాలామంది ఇళ్లలో కూలి మీటరు లెక్కన వస్తుంది. ఆ మీటర్ల లెక్క మన చేతిలో కూడా ఒకటి ఉండాలన్న కోరికతోనే మీరు ఈ పరికరం తలపెట్టారు. అందులో ప్రధాన భాగం యాక్సెలెరోమీటర్. తెలుగులో త్వరణమాపకం. మీ మరాఠీ పాఠ్యపుస్తకంలోనూ త్వరణమనే మాటే ఉంది కాబట్టి, ఈ ఒక్కచోట అనువాదకునికి శ్రమ తప్పింది.

కొనేముందు సాంచాను లెక్కించండి. నిమిషానికి 150 పిక్కులు వేసే సాంచాలో ఒక్కో పిక్కుకు 0.4 సెకన్లు. పేకను కొట్టి బిగించే చట్రం మధ్యస్థానం నుండి అటూ ఇటూ 7 సెంటీమీటర్లు ఊగుతుందనుకుంటే, దాని గరిష్ఠ త్వరణం సుమారు 1.8 జి. దీనికి భూమ్యాకర్షణ, నాడె దెబ్బల అదురు తోడవుతాయి. నాడె సంగతి వేరు: సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చి 10 సెంటీమీటర్లలో ఆగితే సగటున 50 జి పైమాటే! ఆ దెబ్బను కొలవబోకండి. మనకు కావలసింది ఊపు మాత్రమే.

అందువల్ల 3 జి వరకే కొలిచే ఎ.డి.ఎక్స్.ఎల్. 335 ఇక్కడ ఇరుకు. ఎ.డి.ఎక్స్.ఎల్. 345లో 2, 4, 8, 16 జి పరిధులున్నాయి, 8 ఎంచుకోండి. ఫుల్ రిజల్యూషన్ అమరికలో పరిధి పెంచినా సూక్ష్మత తగ్గదు. సెకనుకు 100 కొలతలంటే పిక్కుకు 40. అంతకు మించి అక్కరలేదు. ముంబయి లామింగ్టన్ రోడ్డులో ఎం.పి.యు. 6050 దొరికితే అదీ పనికివస్తుంది, అందులోని గైరోస్కోపుతో మనకు పనిలేకపోయినా. ఎ.డి.ఎక్స్.ఎల్. 345 చిప్పు 3.6 వోల్టుల వరకే. ఆర్డుయినో ఊనో 5 వోల్టులది. వోల్టేజీ సర్దుబాటు ఉన్న బోర్డునే అడగండి.

కొన్నది మంచిదో కాదో బల్లమీదే తెలుస్తుంది. నిశ్చలంగా పడుకోబెడితే నిలువు అక్షం 1 జి, తలకిందులు చేస్తే మైనస్ 1 జి చూపాలి.

బిగింపులోనే చాలా పరికరాలు చెడతాయి. మెత్తని టేపు అంటిస్తే టేపు ఊగిసలాటను కొలుస్తారు, స్క్రూలతో బిగించండి. చట్రాన్ని మోసే కాళ్ల నడిమి భాగంలో పెడితే ఊపు సగమవుతుంది, తీగలూ త్వరగా తెగవు. సాంచా యజమాని అనుమతితో, మోటారు ఆపి, పెద్దల సమక్షంలోనే ఈ పని చేయాలి.

ఒక పిక్కు నమోదైన తరువాత పావు సెకను వరకు మరొకటి లెక్కించవద్దని ప్రోగ్రాములో వ్రాయండి. లేకుంటే అదురు కూడా పిక్కవుతుంది. అంగుళానికి 56 పిక్కుల గుడ్డయితే మీటరుకు సుమారు 2,200. ఆగకుండా నడిస్తే దాదాపు 15 నిమిషాలు. మొదటి మీటరును టేపుతో కొలిచి మీ అంకెతో పోల్చండి. సాంచా దిగిన గుడ్డ కొంత ముడుచుకుంటుంది గనుక, ఆ తేడా ఎంతో పుస్తకంలో వ్రాసుకొని మరుసటి మీటరుకు వెళ్లండి.