వెనుక చక్రపు మ్రోత
(దేశనూరులో తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1953 అక్టోబరు 1వ తేదీన మన శిరుగుప్ప తాలూకా మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదోని, ఆలూరు ఆంధ్రమున చేరినవి. నాటి నుండి పెండ్లి పేరంటములకు సరిహద్దు దాటుట మనకు తప్పలేదు. ఆ ప్రయాణములకు పాత మారుతీ 800 కారును నమ్ముకొన్న ఇండ్లు నేటికిని కలవు. 1983లో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగినది. మిగిలినవన్నియు వయసు మీరినవే. వాటి వెనుక చక్రముల బేరింగులను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని పెద్దలన్నారు. బేరింగు అరిగిన కారు పాడునదియు అదే. ఆ మ్రోత వేగముతో పెరుగును. క్లచ్చి నొక్కినను తగ్గదు. టైరు మ్రోత రోడ్డును బట్టి మారును, ఇది అంతగా మారదు. కుడి మలుపులో హెచ్చినచో ఎడమ చక్రమును అనుమానింపుడు. భారము అటు ఒరుగును గదా! ముందు చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, వెనుక చక్రమును జాకీతో లేపి, హాండుబ్రేకు వదలి చేత త్రిప్పుడు. పైన, క్రింద పట్టి ఊపుడు. గరగర గాని, వదులు గాని ఉన్నచో ఆలస్యము కూడదు. ముదిరినచో డ్రమ్ము ఊగి బ్రేకు చెడును. తుదకు చక్రమే ఊడవచ్చును.

మన వరిపొలముల దారిలో కాలువనీరు, బురద సీలు దాటి గ్రీజును చెరచును. కావున బేరింగుతోపాటు సీలును, స్ప్లిట్ పిన్నును క్రొత్తవి వేయింపుడు. డ్రమ్ము విప్పునపుడు జాకీని మాత్రమే నమ్మక కారు క్రింద స్టాండు పెట్టవలెను. డ్రమ్ములోని రెండు బేరింగులను ఒకేసారి మార్చి, నడుమ స్పేసరును మరువక పెట్టవలెను. బేరింగును డ్రమ్ములో దింపునపుడు వెలుపలి వలయము మీదనే ఒత్తిడి ఉండవలెను. లోపలి వలయమును సుత్తితో కొట్టినచో ఆ దెబ్బ గుండ్లకు తగిలి, వాటి దారిలో గుంటలు పడును. క్రొత్త బేరింగు నాడే పాడగును. గ్రీజు మితిమీరినచో వేడెక్కి బ్రేకు మీదికి కారును. నట్టును కొలత ప్రకారము బిగింపవలెను. అంబాసిడరు వంటి కార్లలో ఇంజను వెనుక చక్రములనే త్రిప్పును గనుక, వాటి పద్ధతి వేరు.

మ్రోతకు చెవులు అలవాటు పడుటయే అసలు ప్రమాదము. పిల్లలను ఎక్కించుకొని సరిహద్దు దాటుటకు ముందే ఆ చక్రమును ఒకసారి త్రిప్పి చూడుడని నా ప్రార్థన.