చక్రముతో నాడు ఆట

మా యింటి వసారాలో నొక పాత చెక్కబల్ల కలదు. ముప్పదిరెండేండ్లు పిల్లల వ్యాసపుస్తకములను నేను దానిమీదనే దిద్దితిని. ఇప్పుడు దాని యంచున నొక స్టీరింగు చక్రము బిగింపబడి యున్నది. క్రింద మూడు పెడళ్లు, ఎదుట కంప్యూటరు తెర. సాయంవేళ సాగరు మీది గాలి వీచుచుండగా నేను దాని ముందు గూర్చుండుట చూచి, త్రోవను బోవువారు "పంతులుగారూ, లైసెన్సు వచ్చిందా?" అని యడిగి పోవుచుందురు. భాషాప్రవీణ చదివి, బాలవ్యాకరణ సూత్రములు వల్లించి, అఱువదియేడవ యేట మోటారుపందెముల యాటలను గుఱించి రేడియోలో మాటలాడువాడు నేనొక్కడనే యై యుందును. ఇందు నవ్వులాట కొంతయే. మిగిలినది చెప్పెదను.

మాది విజయపురి సౌత్. నాగార్జునసాగరు కుడిగట్టున, ఆనకట్ట పనివారి కొఱకు వెలసిన యూరు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన పిమ్మట నెన్నెన్ని ప్రాంతములనుండియో జనులు వచ్చి యిచ్చట నిలిచిరి. మా తండ్రిగారును వారిలో నొకరు. పని ముగిసినది, జనము పలుచబడినది, త్రోవలు మాత్రము మిగిలినవి. రాత్రి తొమ్మిది దాటెనా, మాచర్ల త్రోవ మీద మనుష్యసంచారము బహు తక్కువ. పదునేడేండ్ల కుఱ్ఱవానికి ఇంతకంటె ప్రలోభము వేఱొకటి యుండబోదు.

నిరుటి మాఘమాసమున నొక రాత్రి నా మనుమడు, తండ్రి నిద్రించుచుండగా, తాళపుచెవి తీసికొని కారు బయటికి నడిపెను. అంతకుముందు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్‌సాగరు ఒడ్డున విద్యుత్కార్ల పందెము, ఫార్ములా ఈ అనునది, జరిగినప్పుడు వాని మేనమామ వానిని దానికి గొనిపోయెను. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన పందెమది. నాటినుండి వానికి కలలోను చక్రములే. ఆ రాత్రి యొక వంపుకడ బండి వాని మాట వినలేదు. కల్వర్టు గోడను రాచుకొని నిలిచెను. ఎవరికిని దెబ్బ తగులలేదు.

మఱునాడు వేకువనే నే నచ్చటికి నడిచి పోయితిని. గోడకు కారు రంగు జానెడు పొడవున అంటి యున్నది. ఆ గోడ కవతల గొఱ్ఱెలమంద. దాని నడుమ గొంగడి కప్పుకొని పండుకొను కాపరి. రాత్రి సంగతి యడిగితిని. "గొర్లు లేచినయ్ పంతులుగారూ, నేనే లేవలేదు" అనెను. ఆ మాట నన్నింటివఱకు వెంటాడినది.

ఇంట మా వాడు కొడుకును కొట్టబోయెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినచో, తండ్రికో బండి యజమానికో మూడేండ్లవఱకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా; ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. ఇదంతయు నేను చదివి వినిపించితిని. మనుమడు తల వంచుకొని విని, చివఱ నొక్కమాట యనెను: "నాకు చేతకాదని నాకూ తెలుసు తాతయ్యా. మరి ఎక్కడ నేర్చుకోమంటావు?"

బడిపంతులు జవాబు చెప్పక తప్పించుకోరాని ప్రశ్న యది. పదునెనిమిది నిండుటకు వానికి ఇంకను పదినెలలు కలవు. ఆ పదినెలలు కుఱ్ఱవానిని తాళపుచెవికి దూరముగా నుంచుట యెట్లు? వాడే చెప్పెను, స్టీరింగు చక్రము గొని కంప్యూటరులో నాడవచ్చునని. సరే యంటిని.

ఇచ్చట మొదటి పొరపాటు నాది. ఒక పట్టణములో నొక దుకాణదారు "అన్నీ ఒకటేనండీ" అనగా నమ్మి, చవుకయైన చక్రమొకటి తెచ్చితిని. దానిలో మోటారు లేదు. ఉన్నది స్ప్రింగు మాత్రమే. ఎడమకు త్రిప్పి వదలిన నడుమకు వచ్చును, కుడికి త్రిప్పి వదలిన నడుమకు వచ్చును. బండి మంచుమీద నున్నను, ఇసుకలో నున్నను, గోడ నెక్కినను చేతికి తెలియునది ఆ స్ప్రింగే. మనుమడు దానితో నాడుటకు ఎన్నుకొన్న యాటయు దానికి తగినదే: నగరవీధులలో పోలీసులు వెంటబడగా పరుగిడుట. బండి గోడకు తగులును, నిప్పురవ్వలు రాలును, చెక్కుచెదరక మఱల పరుగిడును. నేను పావుగంట చూచితిని. ఆ కల్వర్టు గోడ వీనికి నేర్పిన పాఠమును ఈ యాట చెఱపివేయుచున్నదని తోచినది. చక్రమును దుకాణమునకు మరలించితిని. సగము సొమ్మే తిరిగి వచ్చినది.

అటుపిమ్మట నేను శిష్యుడనై కూర్చుండి మనుమని వలనను, పుస్తకముల వలనను తెలిసికొన్నది యిది. మంచి చక్రములో మోటారు ఉండును. బండి టైర్ల మీద పడు బలమును కంప్యూటరు క్షణమునకు పెక్కుమాఱులు లెక్కించి, ఆ లెక్క చొప్పున మోటారుచేత చక్రమును త్రిప్పించును. నిజమైన బండిలో ముందు టైర్లు నేలను పట్టియున్నంతసేపు అవి తమంత తాము తిన్నగా పోజూచును. వంపులో మన చేతికి తగులు బరువు అదియే. వేగము మించి టైర్లు జాఱుటకు సిద్ధమగునప్పుడు, ఇంకను పూర్తిగా జాఱకముందే, ఆ బరువు సడలును. చక్రము చేతిలో తేలికయగును. తెరమీద బొమ్మ యెంత యందముగ నున్నను ఈ వార్తను చెప్పలేదు. చక్రముతో నాడువాడు ఆటను కంటితో గాక చేతితో నెన్నుకొనవలెనని నే ననుట అందువలననే. బరువు ఎప్పుడు సడలవలెనో అప్పుడు సడలు ఆట మంచి ఆట. ఎల్లప్పుడు నొకే తీరున వణకించు ఆట గిలక.

రెండవమాఱు కొన్నది లాజిటెక్ వారి జి 29. ఆ చట్టములోని జరిమానాకు దగ్గఱగానే అయినది వ్యయము. పింఛనులో మిగిల్చినది దానికి పోయినది. ఇది కంప్యూటరుతోను ప్లేస్టేషనుతోను పనిచేయును. చూపునకు దానివలెనే యుండు జి 920 మాత్రము కంప్యూటరునకును ఎక్స్‌బాక్సునకునే గాని ప్లేస్టేషనునకు పనికిరాదు. కొనువారు డబ్బా మీది యంకె చూచుకొనుడు. ఈ చక్రము 900 డిగ్రీలు, అనగా రెండున్నర చుట్లు, తిరుగును. ఆటలోను ఆ యంకెనే ఉంచవలెను. లేకున్న చేయి యొకటి చెప్ప తెర యొకటి చేయును.

ఇక ఆటలు. బడిపంతులకు మొదట మనసైనది జపానులో 1997లో మొదలైన గ్రాన్ టురిస్మో. దానిలో పరీక్షలు కలవు! ఇన్ని సెకనులలో బయలుదేరి, గీచిన హద్దులోపల బండి నాపవలెను. చేసినదానిని బట్టి కంచు, వెండి, బంగారు పతకములు. లైసెన్సు రానిదే కొన్ని పందెములలోనికి రానీయరు. ఇంతకంటె ధర్మమేమున్నది? బ్రిటను యువకుడు జాన్ మార్డెన్‌బరో ఆ యాటలో నేర్పరియై, 2011లో నిస్సాను వారితో గూడి నడిపిన పోటీలో గెలిచి, నిజమైన బండి నెక్కి, 2013లో లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున తన తరగతిలో మూడవవాడయ్యెను. 2023లో వచ్చిన చలనచిత్రము ఆతని కథయే. మనుమడు దీనిని మహోత్సాహముతో నాకు చెప్పెను. ఆ కథలో నింకొక పుట కలదు. దానిని నేను వానికి చెప్పితిని. 2015 మార్చి 28న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగున ఆతని బండి గాలిలోనికి లేచి కంచె దాటి పడగా, ప్రేక్షకు డొకడు మరణించెను. మనుమడు చాలసేపు మాటలాడలేదు. కాపరి సంగతి వానికి జ్ఞప్తికి వచ్చియుండును.

ఆటవలన విద్య వచ్చునా యని సందేహించువారికి నలోపాఖ్యానమును జ్ఞప్తి చేసెదను. నలుడు ఆట వలన రాజ్యము పోగొట్టుకొని, రథము తోలి బ్రదికినవాడు. బాహుకుడను పేర ఋతుపర్ణుని రథమును తోలుచుండగా రాజుగారి యుత్తరీయము జాఱెను. ఆపుమనులోగా అది యోజనము వెనుకబడెను. ఆ దారిలోనే ఆ యిద్దఱును విద్యలు మార్చుకొనిరి: ఋతుపర్ణుడు అక్షహృదయము నిచ్చెను, నలుడు అశ్వహృదయము నిచ్చెదననెను. ఆటయొక్క గుండెకాయయు తోలుటయొక్క గుండెకాయయు ఒక్క రథము మీదనే చేతులు మాఱినవి. ఇక కోడిపందెము పేరున వంశములు నశించినవని కథలు చెప్పుకొను పల్నాటివారము. ఆట యెంతపని చేయగలదో మాకు వేఱుగ చెప్పనక్కరలేదు. మా చెంతనే అనుపులో ఇక్ష్వాకుల నాటి క్రీడారంగము మెట్లతోసహా మఱల నిలిపియున్నారు, చూడదగినది.

గ్రాన్ టురిస్మో మాకు కుదరలేదు. దానికి ప్లేస్టేషను వలయును. 2022లో వచ్చిన యేడవ ఆటలో పెద్దభాగమునకు ఇంటర్నెట్టు ఉండితీరవలెను. మా వీధిలో గాలి గట్టిగ వీచిన ఇంటర్నెట్టు పోవును. 2008లో మొదలైన ఐరేసింగ్ అనునది ఇంకను గంభీరమైనది. లోకమందలి మనుష్యులతో పందెము, కాలపరిమితి చందా, నడవడికకు వేఱుగ మార్కులు. రెండుబండ్లు తగిలినచో తప్పెవరిదని విచారింపక ఇద్దఱికిని మార్కులు తగ్గింతురు. తగువులాడు పిల్లలను విడదీయుటకు నేనును తఱచు చేసిన తీర్పది. దానికిని ఇంటర్నెట్టు తప్పదు, కనుక విడిచితిమి.

నిలిచినది ఇటలీలో కునోస్ సిములాజియోని వారు చేసిన అసెట్టో కోర్సా, 2014 నాటిది. పాతది కనుక మా కంప్యూటరు దానిని మోయగలిగెను, ధర తక్కువ, ఒకమాఱు దింపుకొన్న పిమ్మట ఒంటరిగ నాడుకొనుటకు ఇంటర్నెట్టు అక్కరలేదు. మోన్జా వంటి పందెపు త్రోవలను లేసరుతో కొలిచి చేసిరి. అన్నిటికంటె ముఖ్యము, దానియందు చేతికి తగులు బరువు సత్యమైనది. దెబ్బల లెక్కను నూటికి నూఱు చేయించితిని. గోడకు తగిలిన బండి ఆ మీద వంకరగా పోవును. మనుమడు ఫెరారీ కోరెను. నేను అబార్త్ 500 అను చిన్నబండి నిప్పించితిని. ఓనమాలు రానివానికి ప్రబంధమేల?

మోన్జా త్రోవ మొదటి వంపులో వాడు రోజును బోల్తా కొట్టెను. నేను కూర్చుంటిని. దూరపు పలక కనబడినది మొదలు బ్రేకు తొక్కి, నత్తవలె వంపు తిరిగి, నిలువునా బయటపడితిని. "ఇది పందెమా తాతయ్యా, ఊరేగింపా?" అని నవ్వెను. తిరిగితిని గదా యంటిని.

పదునైదు దినములైన పిమ్మట నొక సాయంకాలము వాడు ఆ వంపులోనికి వేగముగ బోయి, చక్రము తేలికయై బండి గడ్డివైపు పోవుచుండగా, ఆటను నట్టనడుమ నాపెను. చేతులు చక్రము మీదనే యున్నవి.

"తాతయ్యా, ఆ రాత్రి కూడా ఇట్లాగే తేలికైంది. నేను ఇంకా తిప్పాను."

టైరు జాఱునప్పుడు ఇంకను త్రిప్పుట నిష్ప్రయోజనము. పెడలు సడలించి, చక్రమును కొంచెము తిన్నగజేసి, టైరు నేలను మఱల పట్టుదాక ఓర్వవలెను. భయము చెప్పునది దీనికి విరుద్ధము. ఏ పుస్తకమును, మా వాడు కొట్టబోయిన దెబ్బయు వానికి నేర్పలేని సంగతిని ఆ చక్రము చేతికి జెప్పినది. ఆ దినముననే నా సొమ్ము నాకు ముట్టినదనుకొంటిని.

దీని లోపమును నేను దాచను. ఆ పందెపు త్రోవలో బఱ్ఱెలు లేవు. ఎదురుగా దీపములార్పి వచ్చు ట్రాక్టరు లేదు. శరీరము ఊగదు, ప్రాణభయము లేదు; తప్పుచేసిన మీట నొక్కి మఱల మొదలిడవచ్చును. నడిపించువాడు ఎడమవైపున గూర్చుండును, అది మనకు తాఱుమాఱు. కావున ఆదివారములందు చెకోస్లోవేకియాలో నొకభాగమైయుండిన చెక్ దేశపు ఎస్‌సీఎస్ వారి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అను లారీయాటను పెట్టించితిని. 2012 నాటిది. అందు బ్రిటను త్రోవలను ఎన్నుకొన్నచో మనవలెనే ఎడమప్రక్కను నడువవలెను. ఎఱ్ఱదీపము దాటిన జరిమానా, వేగము మించిన జరిమానా. మనుమనికి అది మహావిసుగు. నాకు మాత్రము ఎంతయు ప్రియమైనది. వసారాలో మీకు కనబడు పంతులు సరకు దించివచ్చుచున్నాడని తెలిసికొనుడు.

పదునెనిమిది నిండినవి. నేర్చుకొనువారి లైసెన్సు వచ్చినది. గతమాసమున నొక సాయంకాలము కారునకు ఎఱ్ఱని "ఎల్" అక్షరము అంటించి, తండ్రి ప్రక్కను గూర్చుండగా, వాడు మాచర్ల త్రోవన నడిపెను. నేను వెనుక సీటున గూర్చుంటిని. కల్వర్టు ఇంకను దూరముండగానే వేగము తగ్గినది. మంద త్రోవ దాటుచున్నది. కాపరి మమ్ము గుర్తించి కఱ్ఱ యెత్తెను. వాడు బండి నాపెను. వెనుకబడిన కుంటిపిల్ల యొకటి నిలిచి నిలిచి నడుచుచుండెను. అది అవతలికి చేరువఱకు హారను మ్రోగలేదు.