ఇంగ్లీషు మనోభావములకు తోడుమాటలు



నేడు మన పల్లెల బాలబాలికలు ఇంగ్లీషున నుత్తరములు, అర్జీలు వ్రాయుచున్నారు. అందు తప్పులు పెద్ద మాటలయందు కంటె 'ఆఫ్', 'విత్', 'ఫర్', 'ఎబౌట్' వంటి చిన్న మాటలయందే మెండు. వీనిని ప్రిపొజిషనులందురు. మన విభక్తులు నామమునకు వెనుక చేరును. ఇవి ముందు నిలుచును. భయము, కోపము మున్నగు మనోభావములను దెలుపు విశేషణములతో నీ చిక్కు మరింత యెక్కువ.

కోపమునే చూడుడు. సంస్కృతమున నెవ్వనిపై కోపమో వానికి చతుర్థి యగునని పాణినీయము. తెనుగున 'వానిమీద కోపము' అందుము. ఆ 'మీద'ను మార్చి పిల్లలు 'యాంగ్రీ ఆన్' అని వ్రాయుదురు, అది చెల్లదు. మనుష్యునిపై నైనచో 'యాంగ్రీ విత్', సంగతిని గూర్చి యైనచో 'యాంగ్రీ ఎబౌట్' అనవలెను. అమెరికావారు మనుష్యుని విషయమునను 'ఎట్' వాడుట కలదు. భయమునకు సంస్కృతమున పంచమి, తెనుగున 'వలన'. ఇంగ్లీషున 'అఫ్రెయిడ్ ఆఫ్'. గర్వమునకు 'ప్రౌడ్', సిగ్గునకు 'అషేమ్డ్', ప్రీతికి 'ఫాండ్', అసూయకు 'జెలస్' — ఈ నాలుగును 'ఆఫ్'నే కోరును. సంతోషమును దెలుపు 'ప్లీజ్డ్', తృప్తిని దెలుపు 'శాటిస్ఫైడ్' అనునవి 'విత్'ను కోరును.

ఇంత చిన్న మాటతో నేమి పోవునందురా? అర్థమే మారిపోవును. 'యాంగ్షస్ ఫర్ వర్క్' అనిన పని దొరకవలెనను నాతురత. 'యాంగ్షస్ ఎబౌట్ వర్క్' అనిన పనిని గూర్చిన దిగులు. ఉద్యోగమిచ్చువాడు మొదటివానిని పిలుచును, రెండవవానిని సందేహించును. ఆలస్యమునకు మన్నింపు గోరువాడు 'సారీ ఫర్ ది డిలే' అనవలెను. అట్లుగాక గురువునకు 'సారీ ఫర్ యూ' అని వ్రాసెనా, 'మిమ్ము జూచి జాలిపడుచున్నాను' అని యర్థమగును! వినయము వ్రాయబోయి యవమానము వ్రాసినట్లగును.

దీనికి మందొక్కటియే. తెనుగు విభక్తిని తర్జుమా చేయరాదు. అమరము వల్లించునపుడు పదముతోపాటు లింగమును నేర్చినట్లు, విశేషణముతోపాటు దాని తోడుమాటను జంటగా నేర్పవలెను. ఇందుకు పెద్దలకు ఇంగ్లీషు రానక్కరలేదు. సాయంకాలమున మనుమని గూర్చుండబెట్టి 'అఫ్రెయిడ్' అనుడు. 'ఆఫ్' అని వెంటనే రానిచో మరల చెప్పింపుడు. దినమునకు రెండు జంటలు చాలును.

ఏ భాష మర్యాద దానిదే. పరభాష వ్రాయునపుడు దాని మర్యాదను పాటించుట, మన భాష మర్యాద నెరిగినవారికి కష్టము గాదు.