మాత్ర మానవద్దు, ఫైలు పారేయవద్దు



ఇంతవరకు అందరూ బి.పి., సుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. నేను మా మనవరాలి జబ్బు గురించి చెబుతాను. తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళితే పిల్లలను చూసుకునేది మనమే గదా!

రెండేళ్ళప్పుడు పాప బుగ్గలు ఉబ్బి, ముఖం గుండ్రంగా తయారయింది. బొద్దుగా ఉందని మురిసిపోయి దిష్టి తీశాం. ఒంటిమీద నూగు, ముఖాన మొటిమలు వచ్చాక గాని డాక్టరుకు చూపించలేదు. బి.పి. ఎక్కువగా ఉంది. మూత్రపిండంపై టోపీలా ఉండే ఎడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉందని స్కానింగులో తేలింది. ఆపరేషన్ చేసి, చిట్లకుండా మొత్తం తీసేశారు.

ఇక భయం లేదనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. ఆ గడ్డ కార్టిసాల్ అనే హార్మోనును అతిగా తయారుచేయడంతో రెండోవైపు గ్రంథి పని మానేసి నిద్రపోయింది. అది మేలుకునేవరకు హైడ్రోకార్టిసోన్ మాత్ర వేయాలి. జ్వరం వస్తే డాక్టరు రాసిచ్చినట్లు మోతాదు పెంచాలి. ఒకరోజు జ్వరం, వాంతులు అయితే, కడుపులో నిలవదు గదా అని నేనే మాత్ర మాన్పించాను. సాయంత్రానికి పాప వాలిపోయింది. ఆస్పత్రిలో అదే మందు ఇంజెక్షన్‌గా ఇచ్చి, సెలైను ఎక్కించాక కోలుకుంది. మాత్ర నిలవకపోతే ఒక్క గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలని ఆనాడు తెలిసింది.

ముందుముందు ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. గడ్డ చిన్నదై, ఎక్కడికీ పాకకముందే పూర్తిగా తీయగలిగితే ఎక్కువమంది పిల్లలు బాగుపడతారు. నాలుగేళ్ళలోపు వారికి ఆశ మరీ ఎక్కువ. ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకితే మాత్రం కష్టం. తిరగబెట్టే ప్రమాదం మొదటి రెండు మూడేళ్ళలో ఎక్కువ. అందుకే కొన్ని నెలలకొకసారి హార్మోన్ల పరీక్ష, స్కానింగు చేస్తారు. ఎత్తు, బరువు, బి.పి. ఏళ్ళ తరబడి చూస్తారు.

ఈ గడ్డ వచ్చిన పిల్లల్లో చాలామందికి టి.పి.53 అనే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. ఇలా కాన్సర్లు వెంటాడే కుటుంబాలను గురించి 1969లో లీ, ఫ్రామెని అనే అమెరికా డాక్టర్లు వివరించారు. లోపం ఉంటే పిల్లకు జీవితాంతం పరీక్షలు అవసరం. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా రక్తపరీక్ష చేయాలి. ఆ మాట రాగానే మా ఇంట్లో మా వైపా, కోడలి వైపా అని గొణుగుడు మొదలైంది. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరుగారు మందలించారు.

ఇప్పుడు పాప ఏడో ఏట పడింది. రెండో గ్రంథి మేలుకుంది. డాక్టరే క్రమంగా మాత్ర తగ్గించి ఆపేశారు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మనమెవరం మరచిపోము. పిల్లల పరీక్షల తేదీనీ అలాగే గుర్తుంచుకుందాం. పాప ఫైలు మా బీరువాలో నా పి.పి.ఓ. పక్కనే ఉంది.