మెదడు పొరలకు క్షయ

నర్సీపట్నం ప్రాంతమున ఒక బిడ్డకు జ్వరము తగిలి, వాంతులై, మగతగా పడియున్నచో పెద్దలకు ముందుగా తోచునది మన్యపు జ్వరము. అది సహజమే. చింతపల్లి కొండలకు పోవు దారిలోని ఊరది. మలేరియా అక్కడివారికి తరతరాలుగా తెలిసిన శత్రువు. అది మెదడునకు సోకినచో ప్రాణాపాయము కూడ. కాని, ఇవే లక్షణములతో మరియొక వ్యాధి వచ్చును. ఊపిరితిత్తులలో చేరిన క్షయక్రిములు రక్తము వెంట పోయి మెదడు పొరలను పట్టినప్పుడు కలుగు వాపు అది. వైద్యులు దానిని క్షయ మెనింజైటిస్ అందురు.

దీనిని గుర్తించుటకు మొదటి సాక్ష్యము రోజుల లెక్క. చీము పుట్టించు క్రిముల వలన వచ్చు మెనింజైటిస్ గంటలలో, లేదా ఒకటి రెండు రోజులలో ముదురును. వైరసు వలన వచ్చు మెదడువాపు కూడ సాధారణముగా హఠాత్తుగనే వచ్చును. క్షయ మాత్రము దొంగవలె అడుగు పెట్టును. వారము, రెండు వారములు సన్నని జ్వరము, తలనొప్పి, ఆకలి లేమి, ఊరకే చిరాకు. ఆటలాడు బిడ్డ మూలకు చేరును. మెడ బిగియుట, మెల్లకన్ను, మూర్ఛ, స్పృహ తప్పుట తరువాతి మెట్లు. టైఫాయిడనియు, అజీర్ణమనియు, గాలి సోకినదనియు అనుకొనుచుండగనే విలువైన దినములు గడచిపోవును. రక్తపరీక్షలో మలేరియా కనబడినను, తగిన మందుకు గుణము లేనిచో, అంతటితో వెదకుట మానరాదు.

రెండవ సాక్ష్యము వెన్నునీరు. దానిని తీసినచో కాళ్ళు పడిపోవునను భయము మన ఇండ్లలో కలదు. సూది దింపు చోటికి పైననే వెన్నుపాము ముగియును. కనుక ఆ భయమునకు ఆధారము లేదు. చీము మెనింజైటిస్‌లో ఆ నీరు కలకబారియుండును. వైరసు వాపులో అందలి చక్కెర సాధారణముగా తగ్గదు. క్షయలో నీరు దాదాపు తేటగనే ఉండును, కాని చక్కెర తగ్గి, మాంసకృత్తులు పెరుగును. క్రిమి మాత్రము సూక్ష్మదర్శినికి తరచు చిక్కదు. నేటి జన్యుపరీక్షలు గంటలలో ఫలితమిచ్చును. అయినను క్రిమి కనబడలేదనిన క్షయ లేదని అర్థము కాదు. అందుచేతనే అనుమానము బలముగా ఉన్నచో వైద్యులు వేచియుండక మందు ప్రారంభింతురు.

స్ట్రెప్టోమైసిన్ 1940 దశకములోను, ఐసోనియాజిడ్ 1952లోను వాడుకకు రాకముందు ఈ వ్యాధి సోకినవారు దాదాపు అందరును మరణించిరి. నేడు స్పృహ చెదరకముందే మందు పడినచో అధికులు కోలుకొందురు. ఆలస్యమైనచో, ప్రాణము దక్కినను, చూపో, వినికిడియో, కాలుసేతుల సత్తువయో పోవచ్చును. మందు సాధారణముగా సంవత్సరకాలము వాడవలెను. నెమ్మదించినదని నడుమ ఆపరాదు.

భారతదేశమున బి.సి.జి. టీకా 1948లో మదనపల్లెలో ఆరంభమైనది. పసిబిడ్డలను ఈ రూపపు క్షయనుండి అది చాలవరకు కాపాడును. కాని టీకా పడినదని నిశ్చింతగా ఉండరాదు.

డాక్టరుగారికి ఇంటివారు చెప్పవలసిన మాటలు మూడు. జ్వరము మొదలైన దినమేది? ఇంట గాని, పొరుగున గాని విడువని దగ్గుతో ఉన్నవారెవరు? ఇంతవరకు వాడిన మందులేవి? కొన్ని యాంటిబయాటిక్ మందులు క్షయను కొంత అణచి, గుర్తింపునకు అందకుండ చేయును. ఇక తాతగారి దగ్గును, పెండ్లి కావలసిన పిల్ల దగ్గును పరువు కొరకు దాచు కుటుంబములు లేకపోలేదు. ఆ దాపరికమునకు మూల్యము చెల్లించునది ఇంటిలోని పసిబిడ్డ. స్థానిక వైద్యులు విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్ళుడనినచో, మంచి రోజు చూచుకొనక, ఆ దినమే బయలుదేరుడు.