బొబ్బిలి యుద్ధమునకు ముందటి రాత్రి
(ఆల్థాన్ తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ఉపన్యాసము)



బొబ్బిలి కథ మనకు క్రొత్తది కాదు. జంగము కథగా, బుర్రకథగా మన పెద్దలు దానిని విని కంట తడి పెట్టిరి. 1964లో సి. సీతారాం దర్శకత్వమున వెలువడిన 'బొబ్బిలి యుద్ధం' చిత్రమున రంగారాయుడుగా ఎన్.టి. రామారావుగారు, మల్లమ్మగా భానుమతిగారు, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావుగారు నటించి ఆ కథను ఇంటింటికి చేర్చిరి. అందు ఫిరంగుల మ్రోతకంటె నన్ను ఎక్కువ కలతపెట్టునవి అంతకు ముందు జరిగిన మంతనములు.

చరిత్రయు ఇట్లే చెప్పుచున్నది. విజయనగర, బొబ్బిలి సంస్థానములకు ఏటి నీటిని గూర్చి పాత తగవు కలదు. ఐరోపాలో 1756లో సప్తవర్ష సంగ్రామము మొదలయ్యెను. ఆ తరుణముననే ఫ్రెంచి సేనాని బుస్సీ కప్పము వసూలుకై ఉత్తర సర్కారులకు వచ్చెను. విజయరామరాజు, బుస్సీ దివాను హైదర్‌జంగు అనుగ్రహము సంపాదించెను. బొబ్బిలి విడిచి వేరొకచోట భూములు పుచ్చుకొమ్మనగా రంగారాయుడు ఒప్పుకొనలేదు. 1757 జనవరి 24న కోట కూలెను. శత్రువుల చేత చిక్కరాదని కోటలోని స్త్రీలను, పసిబిడ్డలను స్వజనులే సంహరించిరి. కొలది దినములకే విజయరామరాజు తన గుడారమున పాపారాయుని చేత హతుడయ్యెను.

మరి గెలిచినదెవరు? విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారిపై ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిరి. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నము ఆంగ్లేయుల వశమయ్యెను. పిట్టల పోరు పిల్లి తీర్చినట్లయ్యెను.

మనము నివసించు ఈ సూరతు కథయు వేరు కాదు. ఇచటి ప్రభువుల అంతఃకలహములు ఆసరాగా 1759లోనే ఆంగ్లేయులు తాపీ తీరపు కోటను కైవసము చేసికొనిరి. తూర్పు తీరమున, పడమటి తీరమున ఒకే ఏట ఒకే పాఠము!

దోషమంతయు ఒక కుటిల దివానుపై మోపిన ప్రేక్షకునకు తృప్తి కలుగవచ్చును. కాని వానికి తలుపు తెరచినది ఇరుగుపొరుగు పగయే. పాపారాయుని శౌర్యమును మన బిడ్డలకు తప్పక చెప్పుదము. దానితోపాటు, ఆ నీటి తగవు నలుగురు పెద్దల యెదుట తీరియుండిన, కోటలోని ఆ పసివారు బ్రతికియుందురు కదా యనియు చెప్పుదము.