ఉపశమనం ఎవరికి చేరినది?
(శాఖా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2020లో కోవిడ్ మహమ్మారి కాలమున అమెరికా ప్రభుత్వం తన రైతులకు, పశుపోషకులకు చేసిన సహాయాన్ని గురించి నేడు ముచ్చటించదలచినాము. రైలు నడిపేవారికి, ఉత్తరాలు పంచేవారికి ఆ దూరదేశపు రైతు కథతో పని యేమి అని మీరడుగవచ్చును. పని ఉన్నది.

ఆ యేడు అక్కడ హోటళ్ళు, పాఠశాలలు మూతపడినవి. కొనేవారు లేక పాడిరైతులు పాలను నేలపాలు చేసినారు. మాంసపు కర్మాగారాలలో కార్మికులు వందలాదిగా జబ్బుపడి పని స్తంభించగా, పెంచినవారే పందులను చంపి పూడ్చవలసి వచ్చినది. అదే సమయంలో ఉచిత ఆహార కేంద్రాల ముందు ఆకలిగొన్నవారు బారులు తీరినారు.

ఏప్రిల్ 17న ఆ దేశపు వ్యవసాయ శాఖ 1,900 కోట్ల డాలర్ల పథకాన్ని ప్రకటించినది. అందులో 1,600 కోట్లు నేరుగా ఉత్పత్తిదారులకు, 300 కోట్లు ఆహారం కొని పేదలకు పంచుటకు. సెప్టెంబరులో మరి 1,400 కోట్ల వరకు రెండవ విడత ప్రకటించినారు. కార్యాలయాల తలుపులు మూసియున్నను ఉద్యోగులు ఫోనులలో, తపాలాలో దరఖాస్తులు స్వీకరించి చెల్లింపులు జరిపించినారు. ఈ వేగాన్ని మేము మెచ్చుకొనుచున్నాము. కష్టంలోనున్న రైతును ఆదుకొనుట ప్రభుత్వ ధర్మమే.

అయితే కొలబద్ద యేమిటి? పశువుల సంఖ్య, అమ్మకానికున్న పంట. కనుక ఎక్కువ ఉన్నవానికే ఎక్కువ ముట్టినది. మొదటి విడతలో ఒక వ్యక్తికి పరిమితి 2,50,000 డాలర్లు. కొన్ని కంపెనీలకు 7,50,000 వరకు.

మరి ఆ పంట కోసిన కూలీకి? ఈ పథకంలో చోటే లేదు. ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ మాంసపు కర్మాగారాలు నడిచి తీరవలెనని ఉత్తర్వు జారీ చేసినాడు. వారి శ్రమ అత్యవసరమన్నారు. వారి జీవనం మాత్రం అత్యవసరం కాలేదు. సామాన్య పౌరులకిచ్చిన 1,200 డాలర్లు సైతం పత్రాలు లేని వలస కూలీలకు దక్కలేదు. 2021లో గాని వ్యవసాయ, మాంస కార్మికులకు ప్రత్యేక సహాయం ప్రకటింపబడలేదు. అదియు ఒకేసారి 600 డాలర్లు!

ఇక మన ఇల్లు చూచుకొందము. 2020 ఏప్రిల్‌లో పి.ఎం. కిసాన్ క్రింద రైతు కుటుంబానికి 2,000 రూపాయల కిస్తు ముందుగా ఇచ్చినారు. పట్టా ఉన్నవారికే అది. భూమి లేని కౌలుదారు దున్నినను, అప్పు చేసినను, ఆ జాబితాలో లేడు. ఆ సొమ్మును గ్రామగ్రామాన ఇంటి గుమ్మం వద్ద అందించినవారిలో మన తపాలా ఉద్యోగులున్నారు. సెప్టెంబరులో అనంతపురం పండ్లను ఢిల్లీకి చేర్చిన కిసాన్ రైలును నడిపినది మన రైల్వే కార్మికులే. ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర ఉద్యోగుల కరవు భత్యం మూడు కిస్తులు నిలిపివేసినారు. 2021 జూలైలో భత్యం పునరుద్ధరించినను, ఆ 18 నెలల బకాయి చెల్లించలేదు.

రైతుకిచ్చినందువలన మనకు తగ్గినదని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. మన తగాదా రైతుతో కాదు, కొలబద్దతో. ఆస్తిని బట్టి గాక శ్రమను బట్టి ఉపశమనం లభించవలెను. కౌలుదారుకు, కూలీకి, ఉద్యోగికి కలిపి ఈ కోర్కెను ప్రతి శాఖలోను వినిపింపుడు.

కార్మిక కర్షక ఐక్యత వర్ధిల్లాలి!